మా మామ రిట్రీట్ చేసినాడు

నా చిన్నప్పుడు ఒకే ఒక్క ఇంగ్లీషు మాటతో మా జాలర్ల పాళెం పాళెమంతటి నోరు మూయించాను. అప్పటికి నేనింకా నిక్కరు తొడుక్కునే వయసువాణ్ణి. మా ఊరిపెద్ద పెద్దకాపు మొదలుకొని ఊళ్లో అందరూ ఒడ్డున నిలబడి ఉండగా, అలివి వల తాడు చేత్తో పట్టుకొని, సముద్రపు హోరును మించిన గొంతుతో ఆ మాటకు అర్థం చెప్పాను. పెద్దకాపు తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. కెరటాలు కూడా కాసేపు ఆగి విన్నాయి.

సరే, కెరటాలు ఆగలేదు. అంతవరకు తీసేయండి. తలగుడ్డ సంగతి తర్వాత చెబుతాను. మాట మాత్రం నిజం. ఆ మాట రిట్రీట్.

ఇన్నేళ్ల తర్వాత ఇదంతా ఎందుకు ఎత్తుకున్నానంటే, ఒళ్లు మండి. మొన్న మైపాడులో బస్సు దిగి టీ అంగట్లో కూర్చున్నాను. గోడకు టీవీ వేలాడుతోంది. అందులో కోటు తొడుక్కున్న కుర్రాడొకడు, ఏదో దేశపు సైన్యం ఒక ఊరు వదిలి వెనక్కి వచ్చిందని చెప్పాడు. చెప్పి ఊరుకుంటే బాగుండేది. ‘రిట్రీట్! తోక ముడిచారు! పరుగో పరుగు!’ అని ఎగిరెగిరి పడ్డాడు. వెనక డప్పుల మోత ఒకటి. వాడి చేతులు చూశాను. తాడు లాగిన చేతులు కావవి. నేను లేచి నిలబడి టీవీతోనే పోట్లాటకు దిగాను. రిట్రీట్ అంటే తోక ముడవడమని నీకెవడు చెప్పినాడ్రా అని గట్టిగా అడిగాను. అంగడి అతను గ్లాసు నా చేతిలో పెడుతూ, “పెద్దాయనా, టీవీకి చెవులుండవు. టీ చల్లారిపోతా ఉండాది, తాగు” అన్నాడు. బెంచీ మీది వాళ్లంతా నవ్వారు. టీ చల్లారింది గానీ నా కోపం చల్లారలేదు. ఇంటికి వచ్చి ఇది రాయడానికి కూర్చున్నాను.

మా మామ అంటే మా అమ్మకు తమ్ముడు. మా పాళెంలో పుట్టిన మగపిల్లలందరూ పడవెక్కితే ఆయన రైలెక్కాడు. ఎవరికీ చెప్పకుండా నెల్లూరు పోయి పటాలంలో చేరాడు. ఉత్తరాన మంచుకొండల్లో యుద్ధం జరిగిన మరుసటి ఎండాకాలం తిరిగి వచ్చాడు. ఎడమ కాలి వేళ్లను మంచు తినేసింది. ఇసుకలో నడుస్తుంటే ఒక పక్కకు ఒరిగి, మళ్లీ లేచి, ఒరిగి, మళ్లీ లేచి వచ్చేవాడు. ఇక పనికిరావని పటాలంవాళ్లు ఇంటికి పంపేశారు. మా ఇంట్లోనే ఉండేవాడు. మాటలు తక్కువ. తనతోపాటు ఆకుపచ్చ ఉన్ని స్వెటరు ఒకటి తెచ్చుకున్నాడు. మా ఒడ్డున దాన్ని తొడుక్కునే చలి ఏనాడు వచ్చింది గనక? అమ్మ దాన్ని కోడిపిల్లల గంప మీద కప్పింది.

నేను ఆయన్ని వదిలేవాణ్ణి కాదు. యుద్ధంలో ఏం చేశావు, ఎట్లా చేశావు అని జోరీగలా చుట్టూ తిరిగేవాణ్ణి. ఏమీ చెప్పేవాడు కాదు. ఒకరోజు నా పోరు పడలేక, వల చిక్కు తీస్తూ తీస్తూ, తలెత్తకుండానే ఒక్క ముక్క అన్నాడు. “రిట్రీట్ చేసినాం.”

ఆ మాట నాకు తెగ నచ్చింది. అందులో తుపాకీ మోత వినిపించింది. ఇంత పెద్ద మాటను కడుపులో పెట్టుకొని మామ ఎందుకు ఊరుకున్నాడో అర్థం కాక, ఆ పని నేను చేయాలనుకున్నాను. నెత్తళ్ల చేపలు ఆరబోసే ఆడవాళ్ల దగ్గరకు పోయి చెప్పాను. పడవలకు తారులాంటి కీలు పూసే వాళ్లకు చెప్పాను. మా మామ రిట్రీట్ చేసినాడు, మా మామ రిట్రీట్ చేసినాడు అని పాళెమంతా అరుచుకుంటూ తిరిగాను. “ఎంతమందిని చేసినాడ్రా?” అని ఒకాయన అడిగాడు. “లెక్కే ల్యా!” అన్నాను. వాళ్ల కళ్లు పెద్దవయ్యాయి. నా ఛాతీ అంతకన్నా పెద్దదయింది. ఆ తర్వాత కొద్దిరోజులపాటు మా మామకు జరిగిన మర్యాద ఇంతా అంతా కాదు. పెద్దకాపు పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఎవరింట్లో మంచి చేప పడినా ఒక ముక్క మా ఇంటికి వచ్చేది. ఎందుకిదంతా జరుగుతోందో మామకు తెలియదు. నాకు తెలుసు. నేను చెప్పలేదు.

ఇందుకూరుపేట నుంచి సైకిల్ మీద వచ్చే పోస్టు ఆయనకు ఇంగ్లీషు వచ్చు. పెద్దకాపు ఒకనాడు ఆయన్ని ఆపి, రిట్రీట్ అంటే ఏందయ్యా అని అడిగాడు. వెనక్కి రావడం అని ఆయన చెప్పి, సైకిలెక్కి వెళ్లిపోయాడు. ఆయన్ని ఒక్క మాట అనడానికి లేదు. సరిగానే చెప్పాడు. తప్పంతా ఆ తర్వాత జరిగింది. మధ్యాహ్నం వెనక్కి రావడంగా ఉన్న మాట పొద్దు గూకేసరికి పారిపోవడం అయింది. తెల్లారేసరికి వెన్ను చూపడం అయింది. మాటను సాగదీయడంలో కాస్త చెయ్యి తిరిగినవాణ్ణి గనక చెబుతున్నాను, ఆ పని ఒక్కడు చేస్తే ఎంతో కొంత సిగ్గుపడి ఎక్కడో ఒకచోట ఆపుతాడు. ఊరు చేస్తే ఆపేవాడు ఉండడు.

ఆనాటినుంచి మామ పేరు రిట్రీటు మామ. పిల్లలు వెనకాల పడి అరిచేవాళ్లు. పెద్దకాపు కొడుకు అందరికన్నా అన్యాయం. వాడు పొడుగరి, ఈతగాడు, నోరు మంచిది కాదు. మామ ఒడ్డుకు వచ్చినప్పుడల్లా, “మామా, అల వస్తా ఉండాది, పరిగెత్తు పరిగెత్తు!” అనేవాడు. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వేవాళ్లు. మామ ఆ అల వైపు ఒకసారి చూసి, అది కాళ్లు తడిపి పోయేదాకా అక్కడే నిలబడి, తర్వాత తన దారిన పోయేవాడు. నాకు కడుపు మండిపోయేది. ఎవరి మీద మండిందో మాత్రం అప్పుడు సరిగా తెలియలేదు. ఊరి మీదా, మామ మీదా, ఆ మాట మోసుకొని తిరిగిన నా నోటి మీదా?

ఎగతాళితో పోతే పోయేది. అది తాడు దాకా వచ్చింది. అలివి వల చూడనివాళ్ల కోసం చెబుతాను. పడవ మీద వలను తీసుకుపోయి సముద్రంలో వంపుగా దించి, దాని రెండు కొసల తాళ్లనూ ఒడ్డుకు తెస్తారు. ఉత్తరపు తాడు ఒక జట్టుది, దక్షిణపు తాడు ఒక జట్టుది. రెండు జట్లూ లాగుతూ దగ్గరవుతుంటే వల కూడా మూసుకుంటూ వస్తుంది. వల నడుమ పెద్ద సంచి ఉంటుంది, చేపలు చేరేది అందులోకే. ఆ సంచి వెనక ఒక మనిషి ఈదుతూ, వల ఎక్కడా చిక్కుకోకుండా చూసుకుంటూ వస్తాడు. వల ఊరందరిది. ఏ రోజు ఎవరు తాడు పట్టాలో చెప్పేది పెద్దకాపు. తాడు పట్టినవాడికి చేపల్లో వాటా ఉంటుంది, ఊళ్లో మాట ఉంటుంది, పిల్లనిచ్చేవాళ్లుంటారు. తాడు లేని మగవాడు మా పాళెంలో ఉన్నా లేనట్టే.

ఒక ఉదయం మామ తాడు అందుకోబోతే పెద్దకాపు ఆపాడు. ఆయన చెడ్డవాడు కాదు, కోపంగానూ చెప్పలేదు. “అబ్బయా, నీ మీద నాకేం లేదు. వెన్ను చూపినోడు తాడు పట్టుకుంటే గంగమ్మ ఒప్పుకోదు. కొన్నాళ్లు ఆగు” అన్నాడు. మామ తాడు కింద పెట్టి, చేతుల ఇసుక దులుపుకొని, బోర్లించిన పడవ మీదకు పోయి కూర్చున్నాడు. అంతే. మా అమ్మ ఊరుకోలేదు. చేపల గంప అక్కడికక్కడే దించి, నడుముకు కొంగు దోపి, “మంచులో కాలేళ్లు పోగొట్టుకోని వచ్చినోడికి తాడు ల్యా? కాలేళ్లు ఉన్నోళ్లంతా ఈడ కూర్చోని ఏం పీకినారు?” అని ఒడ్డు దద్దరిల్లేలా అడిగింది.

పక్కింటి అక్క అమ్మకు తోడు నిలబడింది. అప్పటికి ఆమె పెళ్లీడు పిల్ల. ఆమె నోరంటే పాళెంలో మగవాళ్లు కూడా జంకేవాళ్లు. కడుపులో మాట దాచడం ఆమె చేతకాదని పేరు. పెద్దకాపు కొడుకును పట్టుకొని, ఈత వచ్చిన ప్రతివాడూ మొగోడైతే కప్పల్ని కూడా పెద్దకాపుల్ని చెయ్యాల అనేసింది. ఎంతమంది ఎన్ని అన్నా తాడు మాత్రం రాలేదు.

ఆ రోజు సాయంత్రం నేను మామ మీద విరుచుకుపడ్డాను. నువ్వు పారిపోయొచ్చినావంట గదా, మరి నాకెందుకు గొప్పగా చెప్పినావు అని ఏడుస్తూ అరిచాను. మామ చిక్కు తీయడం ఆపలేదు.

“గొప్పగా నేను చెప్పలా. నువ్వు చెప్పినావు.”

ఇంకో చిక్కు విప్పి మళ్లీ ఆయనే అన్నాడు. “నిన్ను ఎవురూ వద్దనరు గదా. రేపు పోయి తాడు పట్టుకో. ఎటు చూస్తా ఎటు నడిచినావో వచ్చి నాకు చెప్పు.”

నాకు ఒళ్లు మండింది. ఇదేం పొడుపు కథ? అయినా పోయాను. పిల్లలు తాడు పట్టుకుంటే పెద్దవాళ్లు ఏమీ అనరు, తోకలాగా వెనక వేలాడమంటారు. పుట్టినప్పటినుంచీ చూస్తున్న పనే గానీ, ఆ రోజు మొదటిసారి దాన్ని చూశాను. అందరి ముఖాలూ సముద్రం వైపు. మడమలు ఇసుకలో గుచ్చి, ఒళ్లు వెనక్కి వాల్చి, ఒక్కో అడుగూ వెనక్కి. తాడు చివర ఉన్నవాడు పొడి ఇసుక దాకా చేరితే, తాడు వదిలి, కిందికి పోయి, నీళ్ల అంచున అందరికన్నా ముందు నిలబడి మళ్లీ పట్టుకుంటాడు. ఇప్పటిదాకా అందరికన్నా వెనక ఉన్నవాడు ఇప్పుడు అలకు అందరికన్నా దగ్గర. అట్లా వంతులు తిరుగుతూనే ఉంటాయి. మా వాళ్లకు ఇందులో ఒక కట్టుబాటు ఉంది. తాడు చేతిలో ఉండగా సముద్రానికి వీపు చూపకూడదు. బలమున్న కుర్రాళ్లకు తాడు భుజాన వేసుకొని, ఇటు తిరిగి, ఎద్దులాగా ఈడ్చుకుపోవాలని అనిపిస్తుంది. అట్లా ఎవడైనా తిరిగితే ముసలివాళ్లు చెంప పగలగొట్టేవాళ్లు. తిరిగినవాడికి వచ్చే అల కనపడదు, వల ఎటు పోతోందో కనపడదు.

సాయంత్రం వచ్చి చెప్పాను. “సముద్రం తట్టు చూస్తా, ఊరి తట్టు నడిచినా.”

“అంటే వెనక్కి.”

“ఊ.”

“పారిపోయినావా?”

“పారిపోయేదేంది! లాగినా!” అని ఉడుక్కున్నాను.

మామ నవ్వాడు. పటాలం నుంచి వచ్చాక ఆయన నవ్వడం అదే మొదలు. “మేమూ అంతేరా” అన్నాడు.

అప్పుడు చెప్పాడు, ఆ కొండ సంగతి. ఎక్కువ కాదు, నాకు సరిపడినంత. కిందికి దిగమని పైనుంచి ఆజ్ఞ వచ్చింది. వచ్చేదాకా ఎవరూ కదల్లేదు. ఎవడికి వాడు చేసేది రిట్రీట్ కాదన్నాడు, అందరూ కలిసి చేస్తేనే దానికి ఆ పేరు. కొంతమంది నిలబడి కాపు కాస్తుంటే కొంతమంది దిగేవాళ్లట. దిగినవాళ్లు ఆగి, తుపాకులు ఎత్తి పట్టుకుంటే, పైన ఉన్నవాళ్లు దిగేవాళ్లట. ముఖాలు మాత్రం ఎప్పుడూ కొండ వైపే. దెబ్బ తగిలినవాళ్లను అందరికన్నా ముందు దింపారు. దుప్పట్లు, బియ్యం, పెట్టెలు అన్నీ మంచులో వదిలేశారు. మామ బూటు తడిసి బిగుసుకుపోతే దాన్ని మార్చుకోవడానికి ఇంకో జత కూడా ఆ పెట్టెల్లోనే ఉండిపోయింది. “సామాను వదిలేసినాం. మనిషిని వదల్లా” అన్నాడు. వీపు తిప్పి పరిగెత్తితే ఏమవుతుందని అడిగాను. దానికి ఇంగ్లీషులో వేరే మాట ఉందట. ఆ మాట పటాలంలో ఎవరూ తమ గురించి చెప్పుకోరట.

ఇదంతా వెంటనే ఊరందరికీ చాటేయాలని లేచాను. మామ నా నిక్కరు పట్టుకొని కూర్చోబెట్టాడు. “వద్దురా. మాటతో పోయింది మాటతో రాదు. నువ్వు చెబితే అది ఇంకోటి అవతాది” అన్నాడు. ఆ దెబ్బ నాకు తగిలింది.

ఆ తర్వాత వానలు వచ్చాయి. వాయుగుండం పట్టుకొని ముసురు వదల్లేదు. పడవలు కదల్లేదు, వల తడవలేదు. ఇళ్లలో గింజలు అడుగంటాయి. చివరికి తెరిపిచ్చిన ఉదయాన ఊరంతా ఒడ్డుకు చేరింది. వల దించారు. కాసేపట్లోనే తెలిసిపోయింది, కవళ్ల చేపల గుంపు పడింది. సంచి బరువుకు తాళ్లు బిగుసుకొని వీణ తీగల్లా మోగుతున్నాయి. ఆడవాళ్లు గంపలు కడుక్కొని వచ్చి నిలబడ్డారు. సంచి వెనక పెద్దకాపు కొడుకు ఈదుతున్నాడు. మామ యథాప్రకారం బోర్లించిన పడవ మీద ఉన్నాడు. నేను దక్షిణపు తాడు మీద. ఆ రోజు వంతు తిరిగి పిల్లలం కూడా నీళ్ల అంచుదాకా చేరిపోయాం. పెద్దవాళ్లకు ఆ గమనం లేదు. అందరి కళ్లూ సంచి మీదే.

ముసురు పోయినా సముద్రం కడుపులో ఇంకా ఉంది. ఉన్నట్టుండి దూరాన నీళ్లు గోడలా లేచాయి. ముందున్న ఎవడో పిల్లవాడు అది చూసి జడుసుకొని, తాడు వదిలేసి, వెనక్కి తిరిగి పరుగెత్తాడు. ఎవడో ఇప్పుడు నాకు గుర్తు లేదు. వాణ్ణి చూసి పక్కవాడు వదిలాడు. వాణ్ణి చూసి మీసాలున్నవాళ్లు కూడా వదిలారు. నెలల తరబడి మామను పరిగెత్తు పరిగెత్తు అన్నవాళ్లే ఆ రోజు ఒడ్డున వీపులు చూపిస్తూ పరిగెత్తారు. దక్షిణపు తాడు ఒక్కసారి వదులై, వల ఆ పక్కనుంచి మడతపడి, వెనక ఉన్న మనిషిని చుట్టేసింది. పెద్దకాపు కొడుకు తల పైకి వచ్చి, మునిగి, మళ్లీ వచ్చింది. పెద్దకాపు గొంతు నుంచి ఒక కేక వచ్చింది. ఆయన నోటినుంచి అట్లాంటి కేక నేను ఎన్నడూ వినలేదు.

మామ పడవ మీదనుంచి ఎప్పుడు దూకాడో తెలియదు. ఒరుగుతూ, లేస్తూ, ఒరుగుతూ వచ్చి, ఆ ఖాళీ అయిన చోటులో మోకాటిలోతు నీళ్లలో నిలబడి తాడు అందుకున్నాడు. “తిరగబాకండి! మొగాలు సముద్రం తట్టు! సగం మంది పట్టండి, సగం మంది అడుగు వెనక్కి!” అన్నాడు. అరిచినట్టు లేదు, ఆజ్ఞ ఇచ్చినట్టుంది. పరిగెత్తినవాళ్లు ఆగారు. ఒక్కొక్కరే వచ్చి ఆయన వెనక తాడు పట్టుకున్నారు. అల మీద పడ్డప్పుడు ఎవరూ తల తిప్పలేదు. మోకాళ్ల మీద కూలబడి, ఉప్పునీళ్లు మింగి, తాడు మాత్రం వదల్లేదు.

అల పోయినా సంచి కదలడం లేదు. అంత బరువు. ఆ బరువు వెనకే మనిషి చిక్కుకున్నాడు, ఇంకో గోడ దూరాన లేస్తోంది. మామ సముద్రం వైపు కేకేశాడు. “రేయ్, సంచి కొస ముడి ఇప్పు! చేపల్ని వదిలేయ్!”

ఒడ్డునుంచి ఇంకో కేక. “వద్దు! చేపల్ని వదలబాకండ్రా!” అది పెద్దకాపే. కొడుకు అక్కడ మునుగుతుంటే ఆ మాట ఎట్లా వచ్చిందని మీరు అడగొచ్చు. ఎన్నాళ్లుగానో పొయ్యి వెలగని ఊరికి పెద్దగా ఉన్నవాడి నోటినుంచి అదే వస్తుంది. ఆ నోటిని నేను ఇవాళ తప్పు పట్టను. ఆ రోజు మాత్రం రాయి తీసి కొట్టాలనిపించింది.

“సామాను పోతే పోతాది పెద్దకాపూ! మనిషి రావాల!” అన్నాడు మామ, ఇటు తిరక్కుండానే.

పెద్దకాపు కొడుకు ముడి లాగేశాడు. కవళ్లు సంచిలోంచి తెల్లగా మెరుస్తూ నీళ్లలోకి జారిపోవడం ఒడ్డునుంచి కనపడింది. ఆడవాళ్లు గుండెలు బాదుకున్నారు. వల తేలికైంది. ఇక అడుగు వెనక అడుగు, ముఖాలు అటే, వెనకవాడు ముందుకు పోయి పట్టుకుంటూ, ముందువాడు వెనక్కి వస్తూ, ఆ వలనూ దానిలో చుట్టుకున్న మనిషినీ ఒడ్డుకు తెచ్చారు. ఊరంతా వెనక్కి నడిచింది. ఒక్క మనిషీ పారిపోలేదు. తోక ముడవడమట! ఆ టీవీ కుర్రాణ్ణి తీసుకొచ్చి ఆ తాడు చేతిలో పెట్టాలి.

ఆ రోజు ఒక్క చేప రాలేదు. కొంతమంది ఆడవాళ్లు మామను తిట్టారు కూడా, పిల్లల నోటికాడ కూడు నీళ్లపాలు చేశాడని. పెద్దకాపు తలగుడ్డ తీశాడన్నాను గదా. తీసిన మాట నిజమే. చంకలో పెట్టుకోలేదు. ఇసుకలో పడి దగ్గుతున్న కొడుకు తల తుడిచాడు. తుడుస్తూ కూడా చేపలు పోయినవైపే ఒకసారి చూశాడు. మరుసటి ఉదయం వల దించేటప్పుడు మామ వైపు చూసి, గడ్డంతో దక్షిణపు తాడు మొదలు చూపించాడు. మా పాళెంలో క్షమించమని అడగడం ఎవరికీ చేతకాదు. చోటు చూపిస్తారు. మామ పోయి నిలబడ్డాడు.

పేరు మాత్రం పోలేదు. ఎక్కడికి పోతుంది? కాకపోతే దాని వాడుక మారింది. సముద్రం పొంగినప్పుడు పెద్దకాపు కొడుకే తాడు మీదనుంచి “మామా, రిట్రీటా?” అని అడిగేవాడు. “రిట్రీట్” అని మామ అంటే సగం మంది పట్టేవాళ్లు, సగం మంది అడుగు వెనక్కి వేసేవాళ్లు. నా తరంవాళ్లు తాళ్లు వదిలేదాకా ఆ మాట మా ఒడ్డున అట్లాగే నడిచింది. పటాలంలో దాన్ని ఏ అర్థంతో వాడతారో, అదే అర్థంతో, ఇంగ్లీషు అక్షరం ముక్క రానివాళ్లు వాడారు.

ఇక నేను ఊరి నోరు మూయించిన సంగతి. ఆ మాటకు అర్థం నేను గట్టిగానే చెప్పాను. చెప్పింది మా ఇంటి వెనక, ఆకుపచ్చ స్వెటరు కప్పిన గంప ముందు. విన్నవి కోడిపిల్లలు. ఊరి నోరు మూయించింది నేను కాదు, ఆ అల. ఒప్పుకుంటున్నాను.

కానీ ఆ రోజు నుంచి నా వెంట వచ్చింది ఒకటుంది. నడివయసులో నేనూ అందరిలాగే రొయ్యల గుంట వేశాను. తెల్లమచ్చల రోగం వచ్చింది. ఇంకో పంట వెయ్యి, పంతం వదలొద్దు, పారిపోయావంటారు అని చుట్టూ ఉన్నవాళ్లు ఎగదోశారు. నేను గుంటను కళ్లారా చూస్తూ, నీళ్లు తోడే ఇంజన్లు వదిలేసి, నా దగ్గర పనిచేసేవాళ్లను వేరే చోట పనిలో పెట్టి, ఆ తర్వాతే ఇంటికి వచ్చాను. ఎగదోసినవాళ్లలో కొందరు అప్పులపాలై ఇవాళ ఊళ్లో లేరు. ఇప్పటికీ సాయంత్రం సముద్రం చూడటానికి పోతే, వచ్చేటప్పుడు పొడి ఇసుక తగిలేదాకా వెనక్కి నడుస్తాను. బీచికి వచ్చిన పిల్లలు నన్ను చూసి ఫోన్లలో బొమ్మలు తీసుకుంటారు. తీసుకోనీ. వీపు తిప్పనివాడి బొమ్మ అది.

ఇంతవరకు రాసి, తీసుకుపోయి పక్కింటి అక్కకు చదివి వినిపించాను. ఆమె మామకు భార్య అయి ఎన్నో ఏళ్లయింది. అత్తా అని పిలవమని అందరూ చెప్పినా నాకు నోరు తిరగలేదు. మామ పోయాక ఒక్కతే ఉంటోంది. చూరు కింద కూర్చొని రొయ్యలు ఒలుస్తూ అంతా వింది. టీవీ కుర్రాణ్ణి తిట్టినచోట తల ఊపింది. మామ నీళ్లలోకి దిగినచోట కళ్లు తుడుచుకుంది. చదవడం అయ్యాక, బాగుందా అక్కా అని అడిగాను.

“ఎవడో పిల్లోడంట! గుర్తు లేదంట!” అంది. “నువ్వేరా ఆ పిల్లోడివి. అందరికన్నా ముందు తాడు వదిలింది నువ్వు. ఏడస్తా వచ్చి నా పావడా పట్టుకోని ఎనక దాక్కుంటివి. నిన్ను చూసే మిగతావోళ్లు వదిలినారు. మీ మామ పోయి నిలబడింది నువ్వు వదిలేసిన చోట్లోరా! పసోడు, ఎవురికీ చెప్పబాక అన్నాడని ఇన్నేళ్లూ చెప్పలా. ఊరి నోరు మూయించినాడంట, పెద్ద మొనగాడు! ఆ రోజు నీ వల్ల మూతపడింది నా నోరొక్కటే. అది రాయి.”